పదిహేడో డబ్బా

మా కోతుల కేంద్రంలో ఆయన్ని అందరూ డబ్బాల బాబాయి అంటారు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే బోనుల ముందు గొంతుక్కూర్చుని, ఏ కోతి మలం ఆ కోతి డబ్బాలోకి ఎత్తడమే ఆయన పని. డబ్బా మీద నంబరు పెన్సిల్‌తోనే రాస్తాడు. ఫ్రీజర్లో ఇంకు చెదిరిపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది. ఆ డబ్బాలు చూసి ముక్కు మూసుకునేవాళ్లే గానీ, ఆయన పనికి వంక పెట్టినవాళ్లు లేరు. నేను పెట్టాను.

ఆ డబ్బాల్లోని క్రిములను పరీక్షించడం నా ఉద్యోగం. లక్షల ఏళ్ల కిందట కోతి జాతులు వేరుపడ్డప్పుడు, వాటి కడుపుల్లో కాపురమున్న క్రిములు కూడా తల్లి నుంచి బిడ్డకు దిగుతూ వాటితోపాటే వేరుపడ్డాయి. అందుకే రక్తం ఏ జాతి అంటే, క్రిములూ చాలావరకు అదే అంటాయి. పదిహేడో నంబరు పిల్ల మాత్రం అడ్డం తిరిగింది. దాని రక్తం పొట్టితోక జాతి అంది, క్రిములు పొడుగుతోక జాతి అన్నాయి. నాకసలే ముక్కు మీద కోపం. ముసలాయన డబ్బాలు తారుమారు చేశాడని, పనిలోంచి తీసేయమని డైరెక్టరు గారికి ఉత్తరం రాసి డ్రాయర్లో పెట్టి, ఆయన్ని పిలిచాను.

"డబ్బా మారలేదమ్మా," అన్నాడు.

"మరి క్రిములు గోడ దూకాయా బాబాయ్?"

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పుట్టిన మూడో రోజే దాని తల్లి పోయింది. పక్క బోనులో పొడుగుతోకది, బిడ్డ పోయి పాలు ఊరుతున్న తల్లి, ఊచల్లోంచి చెయ్యి చాపింది. ఎవర్నీ అడక్కుండా ఇచ్చేశా. వెనక వరుస బోనులు చూసేది నేనొక్కణ్ణే కదా, ఎవరూ చూళ్లేదు. నాలుగు నెలలు అదే పెంచింది. రిజిస్టర్లో మాత్రం సీసాపాలని రాశా."

"అబద్ధం రాశారన్నమాట."

"రాశాను. దానికి ఉద్యోగం తీసేసినా సరే. డబ్బా మార్చానని మాత్రం అనకండి."

మర్నాడు ఆ పెంపుడు తల్లి డబ్బా తీసి చూశాను. అచ్చం అవే క్రిములు. నాకు తల కొట్టేసినట్టయింది.

డైరెక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బాబాయిని చెడామడా తిట్టి, రిజిస్టరు నన్ను దిద్దమని, అంతటితో వదిలేశారు. నా ఉత్తరం నేనే చింపాను. రిజిస్టర్లో 'తల్లి' అన్న గడి ఒక్కటే ఉంది. మధ్యలో గీత గీసి, ఇద్దరి నంబర్లూ వేసి, కింద "డబ్బా మారలేదు" అని రాశాను.

బాబాయి కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"పెన్సిల్‌తోనే రాశారు కదమ్మా?" అని అడిగాడు.