మా పొట్టేలు కెఫేలో కుదురుకున్న వైనం

ఆ రోజుల్లో మా ఇంట్లో అలకలకు కొదువ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న రోజులు. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చేసిన కాలమే. అయినా అప్పటి నా పంతం తలచుకుంటే ఏ పాతకాలం అత్తగారో గుర్తొచ్చి నాకే నవ్వొస్తుంది. నలభై రోజులు, అక్షరాలా నలభై రోజులు మా నాయనతో మాట్లాడలేదు నేను. కారణం ఒక పొట్టేలు.

దాని పేరు దొర. పుట్టగానే తల్లి చచ్చిపోతే పాలసీసా పట్టి నేనే పెంచాను. బేస్తవారిపేట దగ్గర మా ఊళ్లో జీవాలు (గొర్రెల్నీ మేకల్నీ మేం అలాగే అంటాం) లేని ఇల్లు తక్కువే గానీ, మంచం పక్కన పడుకునే పొట్టేలు ఉన్నది మాత్రం మా ఇంట్లోనే. అక్కడే వచ్చింది చిక్కు. దొరగారికి మందలో కలవడం నామోషీ. నా ఫిజిక్స్ రికార్డు సగం నమిలేశాడు (ఆ తిన్న సగమన్నా వాడికి వచ్చుంటుంది, నీకు అదీ రాలేదని అమ్మ అనేది). వీధిలో ఎవరైనా వంగి కనబడితే వెనక నుంచి వెళ్లి కుమ్మకుండా వదిలేవాడు కాదు. చివరికి ముగ్గు వేసుకుంటున్న సర్పంచిగారి అత్తగారిని కుమ్మేసరికి పంచాయితీ మా గడప తొక్కింది. ఆ వారంలోనే ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గుంజకు తాడు మాత్రం వేలాడుతోంది.

"మార్కాపురంలో పెంచుకునేవాళ్లకి ఇచ్చినాను పాపా" అన్నాడు నాయన. పెంచుకునేవాళ్లట! మా వైపు పొట్టేలును పండక్కి కొంటారు, మొక్కుకు కొంటారు, ఆదివారం కూరకు కొంటారు. ముద్దు చేయడానికి కొన్న మనిషిని నేనైతే ఎరగను. "అబద్ధాలు చెప్పొద్దు!" అని అరిచి తలుపేసుకున్నాను. ఆయనా నాకు నచ్చజెప్పలేదు. ఎంతైనా ఒకే ఇంటి పంతాలు.

ఇక అక్కణ్ణుంచి మా అమ్మ పని అయిపోయింది. నాయన ఎదురుగా పీట మీద కూర్చునే ఉంటాడు, నేను "అమ్మా, నాయన్ని అన్నానికి రమ్మను" అంటాను. మజ్జిగ చెంబు నా చేతికందేంత దూరంలోనే ఉంటుంది, ఆయన "పాపకు మజ్జిగ కావాలేమో అడుగు" అంటాడు. "పోస్టాఫీసన్నా ఆదివారం మూస్తారు, నాకా సెలవు కూడా లేకపాయె" అని అమ్మ మొత్తుకునేది. పైకి బింకంగానే ఉన్నాను గానీ, పదిరోజులయ్యేసరికి నా బాధలో పొట్టేలు వాటా సగమే మిగిలింది. మిగతా సగం, నాయన నన్ను "పాపా" అని పిలవడం మానేశాడని. ఇక జన్మంతా ఇలాగే ఉండిపోతామేమోనని భయం వేసేది. అలక ఎక్కడం వచ్చినంత బాగా దిగడం రాదు కదా.

అలాంటిది ఒక శనివారం నాయన "రేపు అందరం మార్కాపురం పోదాం. కెఫే అంట. కాఫీ తాగొద్దాం" అన్నాడు. బస్టాండు పూరీ తప్ప ఇంకో హోటలు తిండి ఎరగని మనిషి! బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "కాఫీకి మార్కాపురం దాకానా? డాక్టరేమన్నా చెప్పినాడా? నా దగ్గర దాచొద్దు" అని కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. మా జేజి, అంటే నాయన తల్లి, మాత్రం అప్పటికే పట్టుచీర బయటికి తీసింది. "కారణం బస్సులో అడగొచ్చు, ముందు పదండి" అంది.

ఊరి చివర రోడ్డు పక్కన ఉందా కెఫే. వెదురు కుర్చీలు, బల్లల మధ్య కుందేళ్లు, బాతులు, పెళ్లిపెద్దలాగా పచార్లు చేస్తున్న ఒక టర్కీ కోడి, వాటి వెంటపడి ఫొటోలు తీసుకుంటున్న జనం. జేజికి మతి పోయింది. "ఇంటికాడ వీటిని అదిలించి అదిలించి ముద్ద తింటిమి. ఇక్కడ పిలిచి పక్కన కూచోబెట్టుకోవాలా?" అంటూ చీర మీదికొచ్చిన బాతును ఛీ పొమ్మని తోలింది. వడ్డించే అమ్మాయి పరిగెత్తుకొచ్చి "అవ్వా, అట్ల తోలకూడదు, అవి ఫీలవుతాయి" అంటే, "పట్టుచీర కొరికితే నేను ఫీలవ్వనా?" అని జేజి అడిగింది. కాఫీల దగ్గరా మా తంతు మామూలే. "పాపకేం కావాలో కనుక్కో" అని నాయన, "కాపచీనో అని చెప్పమ్మా" అని నేను. "ఆ పేరు నాకు నోరు తిరగదు, మీరే ఏడవండి" అని అమ్మ మొహం తిప్పుకుంది.

అప్పుడొచ్చాడు వాడు. షాంపూ స్నానం, మెడలో ఎర్ర రిబ్బను, దాని మీద 'కుకీ' అని పేరు. రిబ్బను కట్టుకున్నంత మాత్రాన ఎడమచెవి కొసన కోత ఎక్కడికి పోతుంది? అది మా మంద గుర్తు. "దొరా!" అని ఎగిరి లేచాను. వాడు నా వంక, కలెక్టరయిపోయిన దూరపు చుట్టంలా ఒక్క చూపు చూసి పక్కకు తిరిగాడు. పాలసీసాలు పట్టిన చేయి చాపి అలాగే నిలబడ్డాను. వాడు సరాసరి మా నాయన దగ్గరికి పరుగెత్తి, మోకాళ్లను తలతో నెట్టి, జేబులో మూతి పెట్టాడు. జేబు నిండా తుమ్మకాయలు! "అంకుల్ ప్రతి బుధవారం తెస్తారు కదా, అలవాటయిపోయింది" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"బుధవారం బుధవారం పురుగుమందు దుకాణమని పోయేది ఇక్కడికా?" అని అమ్మ నోరు వెళ్లబెట్టింది. నాయన తువ్వాలుతో లేని చెమట తుడుచుకున్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన చెప్పింది నిజమే. పైగా ఆ పొట్టేలు కోసం నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను, ఆయన బస్సెక్కి వెళ్లి చూసొచ్చాడు. ఏదో ఒకటి అనాలి, కానీ ఏమని మొదలుపెట్టాలి? ఇంతలో పక్కబల్ల కుర్రాళ్లు ఫొటో కోసం ప్లేటెడు ఫ్రెంచ్ ఫ్రైలు వాడి మూతి ముందు పెట్టారు. నాకు తెలియకుండానే అరిచేశాను. "నాయనా! వాటిని తిననీయొద్దు, కడుపుబ్బుతుంది!"

కెఫే అంతా తిరిగి చూసింది. నాయన కదల్లేదు. నా వైపే చూస్తూ "ఏందీ?" అన్నాడు.

"ఫ్రైలు నాయనా! దొర తింటున్నాడు!"

"ఏందీ? వినపడలా."

"నాయనా, ఆపు నాయనా!"

"ఒరే, నీ ముచ్చట తర్వాత తీర్చుకుందువు గానీ, ముందు ఆ జీవాన్ని పట్టుకో" అంది జేజి. అప్పటికే ప్లేటు ఖాళీ. నాయన కళ్లు తుడుచుకుంటున్నాడు, ఈసారి తువ్వాలుకు నిజంగానే పని పడింది. (దొర పొట్టకేమీ కాలేదు. రికార్డు అరిగినవాడికి ఫ్రైలొక లెక్కా?)

ఇప్పుడు నేను గిద్దలూరులో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "తిన్నావా నాయనా?" అని అడిగితే, "ఏందీ? వినపడలా" అంటాడు. చెవుల డాక్టరుకు చూపిద్దామని అమ్మతో అంటే, "చెవులకేం రోగం! నేను వంటింట్లో గొణుక్కున్నా వినపడతాది ఆ మనిషికి" అంటుంది. అయినా నేను మళ్లీ అడుగుతాను, కాస్త గట్టిగా, ఈసారి "నాయనా" అని ముందే అని.