తవుడు పిల్ల, చెక్క పిల్ల

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కవలల్లో ఒక కూతుర్ని నీళ్ళ విరేచనాలకి పోగొట్టుకుని కూర్చుంటే, "పోన్లే, ఇంకోటి ఉన్నాది కదా" అని ఓదార్చిన వాళ్ళని చూస్తే కోపం రాక ఏమొస్తుంది? ఇంకోటి ఉందట! అదేమైనా చెంబా, గిన్నా?

నరసన్నపేటలో మా అత్త మాత్రం ఆ మాట అనలేదు. మిగిలినదాన్ని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటావిడ వచ్చి ఎత్తుకుంది. అత్త ఆవిడకి కుంచెడు తవుడిచ్చి పిల్లని కొనుక్కుంది. ఇక అది మా పిల్ల కాదు, తవుడుకి కొన్న పిల్ల. యముడొచ్చినా గుర్తుపట్టడు. మా వైపు అంతమందికి తవుడు పేర్లుండటం ఇందుకే.

అది అరవై ఏడో సంవత్సరం. నైజీరియాలో పంతులుగా ఉన్న మా అన్నయ్య, అక్కడ యుద్ధం మొదలైందని శ్రీకాకుళం వచ్చేశాడు. చూడ్డానికి వెళితే, రేడియో పక్కన ఒక చెక్కబొమ్మ నిలబడి ఉంది. జానెడుంటుంది. తలమీద కోసుగా జుట్టు, దానికి నీలిమందు రంగు, నడుముకి పూసల మొలతాడు. కళ్ళూ ముక్కూ అరిగిపోయాయి.

"పసిపిల్ల లాగున్నాది, మరి రొమ్ములేటి దీనికి?" అని నవ్వాను.

అన్నయ్య చెప్పకుండా ఉండాల్సింది. అక్కడ యొరుబా అని ఒక జాతి ఉంది, వాళ్ళలో కవలలు ఎక్కువట. ఇద్దరికీ కలిపి ఒకటే ప్రాణమట. ఒకరు పోతే చెక్కేవాడి దగ్గరికెళ్ళి బొమ్మ చేయిస్తారు. వాడు చచ్చిపోయిన పసిదాన్ని చెక్కడు, బతికుంటే ఎలా పెరిగేదో ఆ మనిషిని చెక్కుతాడు. తల్లి దానికి నీళ్ళు పోసి, ఎర్రటి చెక్కపొడి రాసి, తిండి పెట్టి, బతికున్న పిల్ల పక్కనే పడుకోబెడుతుంది. పట్టించుకోకపోతే పోయినది ఉన్నదాన్ని లాక్కుపోతుంది. ఆ మొహం అరిగింది తల్లి కడిగి కడిగేనట.

"లోకం ఎలాగుందో రుచి సూసి రమ్మని, ముందు పుట్టినదాన్ని వెనకది పంపుతాదట. అందుకే వాళ్ళకి వెనక పుట్టినదే పెద్దది" అన్నాడు.

నాకు పోయింది ముందు పుట్టినదే. రుచి చూసింది, నచ్చలేదు.

"ఇది నాకియ్యి అన్నయ్యా."

"ఒసే, పిచ్చా నీకు? ఎవులి పిల్లదో అది! సంతలో కొన్నాను."

"ఆ తల్లి దగ్గర లేదు కదా, నా దగ్గరుండనీ" అని కొంగులో చుట్టేశాను.

ఇంట్లో గాదె వెనక దాచాను. పిల్లకి గోరుముద్దలు పెట్టి, ఆఖరి ముద్ద దాని మూతికి తాకించేదాన్ని. తినని దేవుడికి పెడితే భక్తి, తినని కూతురికి పెడితే పిచ్చీనా? ఆ కొన్నాళ్ళే నేను మనిషిలా బతికాను.

తర్వాత పిల్లకి జ్వరం వచ్చింది. గొంతు వాచింది. పాతగుడ్డ కోసం గాదె వెనక వెతికిన అత్తకి బొమ్మ దొరికింది. మా ప్రాంతంలో అలాంటి బొమ్మ కనబడితే అందరూ అనే మాట ఒకటే, చిల్లంగి. నా మీద ఎవరో చేతబడి చేశారని ఆవిడ గుండెలు బాదుకుంది. కాదు, అది నా పెద్దకూతురని చెప్పాను. అది విని ఇంకా హడలిపోయింది.

"ఓలమ్మో! ఇది మన పిల్ల కాదని యముడికి సెప్పి తవుడిచ్చి కొన్నానే నాను! దీని తోడుది ఇక్కడే ఉన్నాదని నువ్వు రోజూ పిలిసి కూడెడతన్నావా?"

"దాన్ని ముట్టుకోకత్తా! దానికి కోపమొస్తే పిల్లని తీసుకుపోతాది."

"ఉంచితేనే తీసుకుపోతాది!"

పిల్ల నా ఒళ్ళో ఉంది, నేను లేచేలోపే ఆవిడ బొమ్మని నీళ్ళపొయ్యిలోకి తోసేసింది. ఆ తల్లెవరో ఎంత నూనె రాసిందో ఏమో, భగ్గున మండింది.

మర్నాడు పొద్దెక్కేసరికి పిల్ల పోయింది. డాక్టరు కంఠసర్పి అన్నాడు, ముందే తీసుకురావలసింది అన్నాడు. మేమిద్దరం ఆ మాట చెవిన పెట్టలేదు. "కూడెట్టి సంపేసినావు" అని ఆవిడ, "కాల్సి సంపేసినావు" అని నేను. జబ్బుని ఏమని తిడతాం? తిట్టడానికి మనిషి కావాలి. మా ఆయన సాలూరు లారీల మీద తిరుగుతూ ఇంటికి రావడమే తగ్గించేశాడు.

ఆ వానాకాలమంతా ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిన్నాం. ఒక మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఆవిడొచ్చి ఎదురుగా కూలబడింది.

"ఒసే, మీ అన్న మళ్ళీ ఆ దేశం ఎల్తాడేటి?"

"ఎల్లడు. ఏం?"

ఆవిడ నా ముందున్న బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"ఎల్తే... రెండు తెమ్మను."

ఆ ఒక్కసారి నాకు ఆవిడ మీద కోపం రాలేదు. మెడ పట్టుకుని ఏడ్చాను.