చెరువు మధ్యలో ఆగే పాట

దయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక కూడా నన్ను ఆ గుంపులో కలపొద్దు. కాటన్‌పేటలో మా నాన్న పెట్టిన కార్ స్టీరియో షాపును ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పాట ఆగిందంటే ఫ్యూజో, వైరో, తుప్పో కారణం. ఇంకో కారణం నేను చూడలేదు.

పోయిన ఏడాది హొసకోటె అవతల ఒక రిసార్టు నుంచి పిలుపొచ్చింది. అక్కడి చెరువులో తిప్పే మోటారు బోటులో స్టీరియో ఒకే చోట ఆగిపోతోందట. ఆ చోటు దాటగానే మళ్లీ మోగుతోందట.

బోటు నడిపే వెంకటప్పే వైర్లు కెలుకుతున్నాడని ఓనరు అనుమానం. వెంకటప్ప తమ్ముడు ఆ చోటే మునిగి చనిపోయాడు. అక్కడికి రాగానే వెంకటప్ప పాట ఆపేసేవాడు. ఓనరు తిట్టి, స్టీరియోను పెట్టెలో పెట్టి తాళం వేయించాడు. తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నాడు. అయినా పాట అక్కడ ఆగుతూనే ఉంది.

"సావైన ఇంటి ముందర బ్యాండు ఆపరామ్మా? నేనూ అంతే చేసినా. ఇప్పుడైతే నేను ముట్టుకోలే," అన్నాడు వెంకటప్ప.

"తప్పు ఎక్కడుందో చూపించండి మేడం, ఇవాళే వీణ్ణి పనిలోంచి తీసేస్తా," అన్నాడు ఓనరు.

పెట్టె తెరిస్తే నెగటివ్ వైరు కొన పచ్చగా చిలుం పట్టి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. గీకి శుభ్రం చేసి గట్టిగా బిగించాను. "దయ్యం దొరికిందన్నా," అని వెంకటప్పను ఆటపట్టించాను కూడా. బోటు కదిలింది. ఆ చోటికి రాగానే పాట ఆగింది.

నాకు ఒళ్లు మండింది. మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగ్గానే వస్తోంది. డిస్‌ప్లేలో పాట నడుస్తూనే ఉంది. స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు.

వెంకటప్పను గట్టున కూర్చోబెట్టి, ఓనరునే బోటు నడపమన్నాను. షాపు నుంచి తెచ్చిన వేరే సెట్టును నా బ్యాటరీకి, నా స్పీకరుకు కలిపి ఒళ్లో పెట్టుకున్నాను. బోటు వైరు ఒక్కటీ దానికి తగలదు. పట్టపగలు, నెత్తిన ఎండ. అదీ అక్కడే ఆగింది. ఇంజను ఆపించి, తెడ్డు వేయించి చూశాను. అప్పుడూ అంతే. సెట్టును ఒళ్లోంచి తీసి పక్కన పెట్టేశాను, అబద్ధం చెప్పను.

ఓనరు గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "ఏదైతే ఏం, వెంకటప్ప పనేనని చెప్పేయండి. వేరే మనిషిని పెట్టుకుని పూజ చేయిస్తా," అన్నాడు.

"ఆయప్ప గట్టు మీద ఉండాడు. స్టీరింగు మీ చేతిలో ఉండాది. నాకు తెలీని దాన్ని ఆయప్ప నెత్తిన రుద్దను. తీసేస్తే, ఈ సంగతి వచ్చినోళ్లందరికీ నేనే చెప్తా," అన్నాను.

వెంకటప్ప ఇప్పటికీ ఆ బోటే నడుపుతున్నాడు.

సిగ్నల్ సమస్య అని కొందరు నాకు పాఠం చెప్పారు. పెన్‌డ్రైవ్‌లో పాటకు సిగ్నలెందుకో వాళ్లే చెప్పాలి. నా సెట్టు షాపులో రోజంతా మోగుతుంది, ఒక్కసారీ ఆగలేదు. కారణం నాకు తెలియదు. అలాగని నిమ్మకాయలు కట్టను.

అయితే మా వీధిలో ఎవరైనా పోయారని తెలిస్తే, పరుగున వెళ్లి ఆ సెట్టు ముందుగా నేనే ఆపేస్తాను. దానంతటది ఆగితే చూడాలని లేదు.