ఓడిపోవడం చూపించిన అత్త

పంచాయతీ ఓట్లయిపోయి వారం తిరగకముందే మా మేనత్త పోయింది. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటికి ఫోనొచ్చింది. "మీ అత్త తెల్లారి లేయలేదంటమ్మా" అని పక్కింటామె చెప్తే, దించిన పాలగిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి, పాలన్నీ పొంగి పారేదాకా చూస్తూ నిలబడ్డాను.

కంబదూరు దాటి ఇంకా లోపలికి పోవాలి అత్త వాళ్ళ ఊరికి. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అత్తే. ఆమెకొక జబ్బుండేది, ప్రతిదీ అందర్నీ అడగడం. చేనికొచ్చిన కూలీలను "సద్ది యాడ తిందామప్పా?" అని అడిగేది. ఒకరు చింతచెట్టు కిందంటే ఇంకొకరు బావిగట్టు అనేవాళ్ళు. ఆకలికి నాకు ఒళ్ళు మండేది. ఒక ఏడు తొలి చినుకులకే శెనక్కాయ విత్తుదామని ఇంటిల్లిపాదీ అన్నారు. అత్త ఒక్కతే ఆగుదామంది. ఎక్కువ మంది మాటే సాగింది. ఆపైన వాన మొహం చాటేసింది, మొలకలన్నీ మాడిపోయాయి. నీ మాటే గట్టిగా పట్టుకొని ఉండరాదా అని నేను ఎగిరితే నవ్వింది.

"అందరం కలిసి తప్పు చేసినాం లేమ్మీ. ఇప్పుడు ఎవురు ఎవుర్ని తిట్టాల?"

అట్లాంటి మనిషికి ఓట్లు చేసిన మేలేమీ లేదు. ఆమె మొగుణ్ణి, మా మామను, పంచాయతీ ఓట్ల మరుసటి రోజే ఓడినవాళ్ళు దోవ కాచి నరికేశారు. కొడుక్కి అప్పటికి సరిగా మాటలు కూడా రాలేదు. ఇక ఈ ఊళ్ళో ఓట్లే వద్దని పెద్దమనుషులు తీర్మానించారు. రచ్చకట్ట మీద వాళ్ళు కూర్చొని ఒక పేరు చెప్పేవాళ్ళు, ఊరంతా తలూపేది. ఊరు చల్లబడింది, ఆ మాట నేను కాదనను. కానీ రెండు వర్గాలవాళ్ళు మాత్రం ఒకరింట్లో ఒకరు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు.

మా ఆయన రైల్వే మనిషి, పేపరు చదివి వాదించే రకం. "ఓట్లు చదువుకున్న దేశాలకత్తా. మనట్లాంటోళ్ళకు పెద్దమనుషుల మాటే మేలు" అన్నాడొకసారి.

"రచ్చకట్ట మీద నీకు చోటుండాది, అందుకే మేలనిపిస్తాది అల్లుడా. మేము ఆడోళ్ళం గోడసాటున నిలబడి ఇంటాండాము. మమ్మల్ని ఎవురన్నా అడిగినారా?" అంది అత్త, ఒలిచే కాయల మీద నుంచి తలెత్తకుండానే.

కొడుక్కి పెళ్ళయి పిల్లలు పుట్టాక వచ్చిన ఎన్నికల్లో సర్పంచి పదవి ఆడవాళ్ళకొచ్చింది. పెద్దలు మామను నరికిన అవతలి వర్గంలో ఒక కోడలి పేరు చెప్పారు. అత్త బస్సెక్కి కంబదూరుకు పోయి తనూ నామినేషన్ వేసొచ్చింది. ఊరు గుండెల్లో రాయి పడింది. రచ్చకట్ట పెద్దాయన ఇంటికే వచ్చాడు.

"ఏమ్మా, నీ మొగుణ్ణి మింగిన ఓట్లు మళ్ళా తెస్తాండావా?"

"ఓట్లు మింగలేదన్నా. ఓడిపోయేది చేతకానోళ్ళు మింగినారు."

కొడుకు మాత్రం వాదించలేదు. పెళ్ళాంబిడ్డలతో పామిడిలోని తన అత్తగారింటికి పోతూ, "నాయన్ను తినింది సాలక ఆ ఓట్లనే మళ్ళా పిలుచుకొస్తాండావు. నాకు అమ్మ లేదు" అన్నాడు. అత్త వాకిట్లోనే కూలబడింది. నామినేషన్ వెనక్కి తీసుకుంటుందనే అనుకున్నాను. తీసుకోలేదు.

చిత్తుగా ఓడిపోయింది. ఆ సాయంత్రం కట్టెలు, కొడవళ్ళు అందేచోట పెట్టుకొని రెండు వర్గాలూ ఎదురుచూస్తుంటే, అత్త ఒక్కతే నడిచి గెలిచినామె ఇంటికి పోయింది. గడపలో కూర్చొని, "ఏమ్మీ, గెలిచినావు కదా, రోంత సంగటి పెట్టవా? పొద్దున్నుంచీ తినలేదు" అంది. ఆ పిల్ల సంగటి, నంజుకోను ఊరుబిండి పచ్చడి తెచ్చిపెట్టింది. ఊరంతా వీధిలో నిలబడి చూస్తుండగా అత్త కడుపునిండా తిని, ఊరుబిండిలో ఉప్పెక్కువైందని వంక కూడా పెట్టింది. ఆ రోజు ఊళ్ళో ఒక్క కట్టె లేవలేదు.

ప్రజాస్వామ్యం ఏ దేశానికి పడుతుంది, ఏ దేశానికి పడదు అని పేపర్లలో పెద్దలు రాస్తుంటారు. నాకు దేశాల సంగతి తెలియదు. మా అత్త ఊళ్ళో మొన్న కూడా ఓట్లు పడ్డాయి, ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ కొడుకు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పండక్కీ రాలేదు, జ్వరానికీ రాలేదు. "వాడి భయం వాడిది లేమ్మీ" అనేది, అని మొహం తిప్పుకునేది. ఆ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ వాడి మీద కోపమే, ఆమె మీద కూడా కోపమే.

వాడు శవం దగ్గరికే వచ్చాడు. మేము ఆడవాళ్ళం స్నానం చేయిస్తున్నాం, వాడు కొడుకుగా కడవ ఎత్తుకొని వచ్చి నిలబడ్డాడు. అత్త ఎడమ చేతి వేలికి మొన్నటి ఓటు సిరా అంటుకొని ఉంది. శుభ్రంగా పంపాలి కదా అని నేను సీకాయపొడి వేసి రుద్దుతున్నాను, పోవడంలేదు. ఇంకా గట్టిగా రుద్దాను.

"వద్దు వదినా" అన్నాడు. కడవ కింద పెట్టి, తడి నేల మీదే కూర్చొని అమ్మ చేయి నా చేతిలోంచి తీసుకున్నాడు. "నొప్పి పుడతాదేమో. అట్లే ఉండనీ."

బయట పాడె కట్టినవాళ్ళు పొద్దు పోతోందని పిలుస్తున్నారు. వాడు ఆ వేలు వదల్లేదు.