మేక కొరికిన తుపాకి

సిద్దిపేటలో పరువు పోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఒక్క గుండు కూడా పేల్చకుండా, రెండు గొట్టాల్లోంచి ఒకేసారి పోగొట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. చప్పుడేమీ ఉండదు కాబట్టి చెవులు మూసుకోనక్కర్లేదు. నా మీద కాస్త జాలి ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుంటే చాలు.

నాది బట్టల దుకాణం. కొనడానికొచ్చినవాడి ఒంటిమీది గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, వాడి తాతముత్తాతల ఆస్తి చెప్పగలనని అప్పట్లో నాకో నమ్మకం. దానికి తోడు మా తాతది ఒక జంట గొట్టాల తుపాకి. నాయిన తర్వాత లైసెన్సు నా పేరు మీదికి మారి, తుపాకి నా బీరువాలోకి వచ్చింది. తాత దానితో ఏం కొట్టాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాయిన చెప్పినప్పుడు అది కుందేలు. నేను కాలేజీలో చెప్పేసరికి అడవిపంది అయింది. నాకు మీసం దట్టంగా వచ్చాక చిరుతపులి అయింది. ఆ ఊపులోనే చెప్పుకుంటూ పోయి ఉంటే, పాపం, తాత పోయిన ఇన్నేళ్ళకు ఒక ఏనుగును కూడా పడగొట్టేవాడు.

దుకాణంలో మిగిలిన మెరూన్ వెల్వెట్ గుడ్డకు జరీ అంచు వేయించి, తుపాకికి కవరు కుట్టించాను. పెళ్ళికూతురికి కూడా అంత మంచి జాకెట్టు కుట్టి ఉండరు. దసరా నాడు బీరువా తలుపు తీసి, ఆ కవరుకే పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి మూసేసేవాణ్ణి. లోపలున్నది తుపాకో తంబూరానో విప్పి చూసిన పాపాన పోలేదు.

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. ఎన్నికలయ్యాక మళ్ళీ తెచ్చుకోవాలి. ఆ అప్పగింతల వరుస ఉంది చూశారూ, పెళ్ళిలో వియ్యపురాళ్ళ బంతి కన్నా సున్నితం. ఎవరి పక్కన ఎవరు నిలబడతారన్నదే అక్కడ పెద్ద సమస్య.

ఆ ఏడు అందరికన్నా ముందు వచ్చినవాడు ప్రభాకర్. ప్లాట్లు అమ్ముతాడు, విదేశీ రివాల్వర్ ఉంది, తెల్ల కారు ఉంది. "గీ ఎండల నిలబడితే మా రివాల్వర్‌కు చెమట పడ్తది" అని కారులోంచి దిగలేదు. అద్దం దించి నా వెల్వెట్ కవరు వైపు చూశాడు.

"ఏందన్నా, మ్యూజియంకు పొయ్యేది తొవ్వ తప్పి గిటొచ్చినవా?"

నాకు మండింది. పైవాడు తంతే కిందివాణ్ణి తన్నడం మనిషి ధర్మం. నా వెనక హవల్దార్ రాజమల్లయ్య ఉన్నాడు. మిలిటరీలో రిటైరై, పత్తి మిల్లులో సొంత తుపాకితో కాపలా కాస్తాడు. ఊళ్ళో ఏ గొడవ జరిగినా "మా మిలిటరీలైతేనా..." అని మొదలుపెట్టే రకం. తన తుపాకిని వెలిసిపోయిన గళ్ళ లుంగీలో చుట్టి, నైలాన్ తాడుతో కట్టి తెచ్చాడు.

"ఏం హవల్దార్ సాబ్, తుపాకే తెచ్చినవా, చెరుకు గడలా?" అన్నాను అందరికీ వినపడేలా.

"నువ్వు బట్టలాయనవు గదా సార్, గుడ్డ సూసే గుణం చెప్తవు" అని మీసం దువ్వి, ఆయన తన వెనక్కి తిరిగాడు. వెనక మద్దూరు కిష్టయ్య. మక్క చేను దగ్గర పందులను బెదరగొట్టడానికి ఒంటి గొట్టం తుపాకి ఉంది. "ఏం కిష్టయ్యా, గా ఒక్క గుండు తప్పితే ఏం జేస్తవు? పందికి దండం పెడ్తవా?"

కిష్టయ్య మెత్తగా నవ్వాడు. "నా తుపాకికి పనన్న ఉన్నది సారూ. మీ తుపాకులకు దుష్మన్లెవ్వలు? బీరువాలున్న బొద్దింకలా?"

అలా నలుగురం నాలుగు దిక్కులు చూస్తూ నిలబడ్డాం. కానిస్టేబుల్ యాదగిరి అందరి కవర్లూ విప్పించి తిరిగి ఇచ్చేశాడు. "గుడ్డలు ఈడ పెట్టద్దు, ఎలుకలొస్తయి." నేను తుపాకి వైపు చూడకుండానే అప్పజెప్పాను. తిరిగొస్తూ కవరును మాత్రం చంటిబిడ్డలా ఎత్తుకొచ్చాను.

ఎన్నికలు అయిపోయాయి. తుపాకులు తీసుకెళ్ళమని కబురు రాగానే తెల్లారి స్టేషన్ ముందు వాలాను. యాదగిరి లోపలి నుంచి రెండు జంట గొట్టాల తుపాకులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తోమిన రాగిచెంబులా మెరుస్తోంది. ఇంకోటి తుప్పుపట్టి, మెడకు నల్ల టేపు చుట్టుకుని, దవాఖాన నుంచి పారిపోయి వచ్చిన రోగిలా ఉంది.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నేను నా కాకిపిల్లను అక్కడే వదిలేసి నెమలిపిల్లను ఎత్తుకున్నాను.

"సార్, ఉండున్రి. నంబర్ సూసి ఇస్త" అన్నాడు యాదగిరి.

"కన్నకొడుకును నంబర్ చూసి గుర్తుపడ్తరా ఎవలన్నా?"

"గట్ల గాదు సార్. రెండు ఒక్క తీరే ఉన్నయి..."

"ఒక్క తీరా! గా తుప్పు కట్టెను మా తాత తుపాకి పక్కకు పెట్టుడే తప్పు యాదగిరీ!"

ఇంతలో లోపల్నుంచి ఎస్సై పిలిచాడు. "వస్తున్న సార్!" అని యాదగిరి లోపలికి పరుగెత్తాడు. వాడు తిరిగొచ్చేసరికి నేను ఠీవిగా సంతకం గీకి, నెమలిపిల్లకు వెల్వెట్ జాకెట్టు తొడిగి, స్కూటర్ మీద సగం దూరం వచ్చేశాను.

ఇంట్లో కవరు విప్పగానే మా ఆవిడ సుజాత కళ్ళు పెద్దవి చేసింది. "గింత మెరుస్తుందేందయ్యా? స్టేషన్ల పాలిష్ సుత చేస్తరా?"

"అది వంశం సుజాతా. మంచి వంశం తుపాకి తుప్పు పట్టది."

భుజానికి ఆనించుకునే చెక్క మడమ మీద ఏవో గాట్లు కనిపించాయి. ఇంతకుముందు చూసిన గుర్తు లేదు. గుర్తు లేనిచోట కదా బుర్ర చురుగ్గా పనిచేసేది! చిరుతపులి పంటి గాట్లు! వెంటనే మీసానికి నూనె రాసి, సుజాతతో ఫొటో తీయించుకుని వాట్సాప్ స్టేటస్ పెట్టాను: "చిరుతను ఎదిరించిన మా తాత తుపాకి. పంటి గాట్లు గమనించగలరు."

పాఠకులారా, నేను నా నేరానికి ఫొటోతో సహా సాక్ష్యం ఇచ్చుకుంటున్న ఆ శుభ ఘడియలో స్టేషన్లో ఏం జరుగుతోందో తర్వాత కిష్టయ్య చెబితే తెలిసింది.

హవల్దార్ తన తుపాకి కోసం వచ్చాడు. బల్ల మీద తుప్పు కట్టె తప్ప ఏమీ లేదు. "గిది నాది గాదు" అన్నాడు. యాదగిరి మొహంలో నెత్తురు చుక్క లేదట. స్టేషన్లో పెట్టిన తుపాకి పోతే వాడి ఉద్యోగం ఊడుతుంది. హవల్దార్ సంగతి ఇంకా ఘోరం. పత్తి కాలం నడుస్తోంది. ఆ సాయంత్రం తుపాకితో మిల్లు గేటు దగ్గర నిలబడకపోతే, సేటు హుస్నాబాద్ నుంచి ఇంకో మనిషిని పిలిపించుకుంటానన్నాడు. సరిహద్దుల్లో ఏళ్ళకేళ్ళు నిలబడ్డ మనిషి బెంచీ మీద కూలబడ్డాడట.

అప్పటికే తన తుపాకి చేతికందిన కిష్టయ్య దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "సారుది దొరికేదాక నాది సుత ఈడనే ఉండనీ."

"నీకెందుకే?" అన్నాడు యాదగిరి.

"ఇయ్యాల ఆయనది పోయింది, రేపు నాది పోతది. మనం ఉన్నదే పిడికెడుమందిమి."

అది విని, తన రివాల్వర్ కోసం వచ్చిన ప్రభాకర్ ఏం చేశాడనుకున్నారు? రివాల్వర్ డబ్బాను బల్ల మీదికి తోసి, ఇస్త్రీ తెల్ల ప్యాంటుతో వెళ్ళి కిష్టయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు! అదే కిష్టయ్యను ఆ పొద్దున "కారుకు ఆనకు, గీతలు పడ్తయి" అని కసిరిన ప్రభాకర్! కూర్చుని, ఊసుపోక ఫోన్ తీశాడు. నా నంబరు ఉన్నది వాడి దగ్గరే.

"అరే, గిదేంది? మన బట్టలాయన పులితోని కొట్లాడుతుండు!"

హవల్దార్ ఫోన్ లాక్కుని, ఫొటో పెద్దది చేసి చూసి, ఒకే మాట అన్నాడట. "కారు తియ్యి."

"ఎస్సై సారుకు చెప్పాల్నా?" అన్నాడు యాదగిరి.

"చెప్పకు. కేసయితే ఆయన లైసెన్సు పోతది, జైలుకు సుత పోతడు. ఎంత కొవ్వు మాటలు మాట్లాడినా గాయన సుత మనోడే గదా."

ఇవేమీ తెలియని నేను కిటికీలోంచి తెల్ల కారును చూశాను. "సుజాతా, స్టేటస్ పెట్టి అర్ధగంట గాలే, దర్శనానికి జనం వచ్చిన్రు! చాయ్ పెట్టు!"

ముగ్గురూ వచ్చి సోఫాలో కూర్చున్నారు. హవల్దార్ భుజాన ఖాళీ లుంగీ వేలాడుతోంది. తుపాకి తేలేదేమని అడగాలని కూడా నాకు తట్టలేదు. తాతలు నేతులు తాగితే మనవళ్ళు మూతులు వాసన చూపించారట. నేను ఏకంగా మీసం చూపిస్తూ ఉపన్యాసం ఎత్తుకున్నాను. సోఫా దిండును చిరుతను చేశాను. దాన్ని గాల్లోకి ఎగరేశాను. తాతనై గర్జించాను, చిరుతనై మూలిగాను.

"తుపాకిల గుండ్లు అయిపోయినయి. అప్పుడు తాత ఏం చేసిండు? ఈ మడమను తీస్కపోయి పులి నోట్లె కుక్కిండు. గివిగో గాట్లు!"

హవల్దార్ ముందుకు వంగి శ్రద్ధగా చూశాడు. "పులి ఎంతుంటది సార్?"

"ఈ సోఫా అంత."

"మరి పండ్లు గింత చిన్నగున్నయేంది?"

"అవి... ముందటి పండ్లు."

కిష్టయ్యకు చాయ్ పొలమారింది. హవల్దార్ మాత్రం నవ్వలేదు. "దానికి కొమ్ములున్నయా సార్?"

"పులికి కొమ్ములెట్లుంటయి హవల్దార్ సాబ్!"

"గీ పులికున్నయి. గడ్డం సుత ఉన్నది. మా ఇంటెనక కట్టేసున్నది. పొద్దుగాలనే పావుశేరు పాలిచ్చింది."

నా చేతిలోంచి పులి జారి కింద పడింది.

"మా మేక సార్ గది. తుపాకికి నూనె రాసి ఎండల పెడితే వచ్చి కొరికింది. నమ్మకపోతే లైసెన్స్ మీద నంబర్ సూస్కో."

నంబరు చూశాను. కన్నకొడుకు కాదు. పక్కింటి కొడుకు కూడా కాదు. నేను ఎత్తుకొచ్చింది ఒక మనిషి కొలువును. ఇంకో మనిషి ఉద్యోగాన్ని కూడా.

"కేసు పెడ్తరా?" అన్నాను. నా గొంతు అచ్చం ఆ మేకలాగే ఉందని సుజాత ఇప్పటికీ అంటుంది.

"పెట్టేదుంటే జీపు వచ్చేది, నా కారు ఎందుకొస్తది?" అన్నాడు ప్రభాకర్.

హవల్దార్ లేచి తుపాకిని అందుకుని, లుంగీలో చుట్టుకున్నాడు. అప్పుడు మొదటిసారి నవ్వాడు. "చాయ్ మంచిగున్నది చెల్లె" అని సుజాతతో అన్నాడు. నాతో అన్నది ఇది: "నీ వెల్వెట్ల దీనికి ఊపిరాడలేదు సార్. పా, నీది సుత తెచ్చుకుందువు."

కారులో కిష్టయ్య పొలం బురద ప్రభాకర్ తెల్ల సీట్ల మీద పడుతున్నా ఎవరూ ఏమీ అనలేదు. స్టేషన్లో అడుగుపెట్టేసరికి ఎస్సై గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమయ్యా, అందరియి అందరికి ముట్టినయా?"

యాదగిరి పడిపోకుండా బల్ల పట్టుకున్నాడు. హవల్దార్ మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. "ముట్టినయి సార్! ఎవలియి వాళ్ళకు!"

"ముట్టినయి సార్" అన్నాడు కిష్టయ్య. "ముట్టినయి" అన్నాడు ప్రభాకర్.

ఎస్సై బల్ల వైపు చూశాడు. "మరి గీ తుప్పు కట్టె ఎవలిది?"

"నాదే సార్" అన్నాను. జన్మలో ఏ మాటనూ అంత ప్రేమగా పలికి ఉండను.

ఎస్సై వెళ్ళాక యాదగిరి నంబరును ఒక్కొక్క అంకే విడదీసి, స్టేషన్ పైకప్పు ఎగిరేలా చదివాడు. సరిపోయింది. హవల్దార్ దాన్ని మధ్యకు విరిచి, గొట్టాలను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇండ్ల ఎవలో కిరాయికుంటున్నరు సార్."

కుమ్మరి పురుగు ఒకటి రెండు గొట్టాల్లోనూ మట్టితో ఇల్లు కట్టుకుంది. ఎప్పుడైనా సరదాకి పేల్చి ఉంటే తుపాకి నా మొహం మీదే పగిలేది. ఈ కథను వేరేవాళ్ళు, వేరే స్వరంలో చెప్పుకునేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం అంటారే, నాది పైన వెల్వెట్టు, లోన పుట్ట.

ఆ ఆదివారం హవల్దార్ నన్ను వాళ్ళింటికి పిలిచి, పొద్దంతా తిట్టి, తుపాకి తుడవడం నేర్పాడు. కట్టుకొయ్య దగ్గర నుంచి మేక చూస్తూనే ఉంది. నన్ను జైలుకు పంపగల మనుషులు ముగ్గురు ఆ రోజు నవ్వి వదిలేశారు. ఆ రుణం తీరేది కాదు. ఇప్పుడు ఎన్నికల వరుసలో నలుగురం ఒకరి పక్కన ఒకరం నిలబడతాం. ఎగతాళి మాత్రం ఆగలేదు. "పులి పాలిస్తుందా సార్?" అని ప్రభాకర్, "లోపట కిరాయి ఎంతొస్తుంది సారూ?" అని కిష్టయ్య.

అందుకే ఆ మేక ముందు నిలబడి, చేతిలో పచ్చి తుమ్మకొమ్మ పట్టుకుని ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ వస్తువునూ దాని కవరు చూసి అంచనా కట్టను. మెరిసేదాని జోలికి పోను. గుడి దగ్గర చెప్పులు వెతుక్కునేటప్పుడు కూడా అందరివాటిలోకీ బాగా అరిగిపోయిన జత ఏదో, అదే నాదనుకుని తొడుక్కుంటాను. మేక కొమ్మంతా తిని ఆమోదించింది.

మొన్న నలుగురం కలిసి కొమురవెల్లి మల్లన్న గుడికి పోయినప్పుడు ప్రతిజ్ఞను అక్షరాలా పాటించాను. ఇంటికి రాగానే సుజాత నా కాళ్ళ వైపు చూసింది. "గివి ఎవలి చెప్పులయ్యా? మనయి కొత్తయి గదా!"

ఫోన్ మోగింది. కిష్టయ్య. "సారూ, మీ చెప్పులు నాకు మస్తు మంచిగొచ్చినయి."

"అవి నావి కిష్టయ్యా! కింద నంబర్ ఉంటది, చూడు!"

"కన్నకొడుకును నంబర్ చూసి గుర్తుపడ్తరా సారూ ఎవలన్నా?"

కాబట్టి మేక అనుమతితో ప్రతిజ్ఞకు చిన్న సవరణ. ఈ జన్మలో ఇకమీదట మల్లన్న దగ్గరికి ఉత్తకాళ్ళతోనే పోతాను.