చంద్రకళ చేతి కొసరు

చంద్రకళ చెయ్యి తూకానికి లొంగే రకం కాదు. వాళ్లమ్మ ఈశ్వరమ్మ నల్గొండ బస్టాండు దగ్గర మల్లెపూలు అమ్మేది. మూర కొలిచాక బెత్తెడు కొసరు వెయ్యనిదే దండ తెంపేది కాదు. ఆ గుణం సముద్రాల అవతల మంచు దేశంలో ఉన్న రెజైనా ఊరిదాకా వచ్చింది. చదువులకని మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. బీఫార్మసీ చేసిన చంద్రకళ పగలు కాలేజీకి, సాయంత్రం యోగానంద్ గారి మందుల షాపుకి వెళ్లేది. ఆ షాపులో మందులు అమ్మడమే కాదు, డాక్టర్లు చెప్పిన పాళ్లలో కలిపి తయారుచేస్తారు కూడా.

మోకాళ్ల క్లినిక్కులో సూదిపోటు తెలియకుండా పూసే క్రీము కలిపేది ఆమే. ఆ డబ్బాల మీద రోగి పేరుండదు. అందుకే అవి లెక్క ప్రకారం తూచి పంపాలని, క్లినిక్కు గడప దాటకూడదని రూలు. ఇంటికి కావాలంటే ఆ మనిషి పేరున డాక్టరు చీటీ రాయాల్సిందే. రూలు చంద్రకళకి కంఠతా వచ్చు, చేతికే రాదు. తూకం సరిపోయాక కూడా డబ్బాలో ఇంకో చెంచా పడేది.

ఒక సాయంత్రం శాంతమ్మ కుంటుకుంటూ వచ్చి కౌంటరు మీద ఖాళీ డబ్బా పెట్టింది. గుడికెళ్లే తెలుగువాళ్లలో ఆవిడని ఎరగనివాళ్లు లేరు.

"అమ్మాయ్, ఇది అయిపోయింది, ఇంకోటి ఇద్దూ. క్లినిక్కులో ఎప్పుడూ మిగులుతుందంట, పాపం ఆ నర్సు నాకు ఇచ్చి పంపింది."

యోగానంద్ గారు డబ్బా తిప్పి చూశారు. 'క్లినిక్కులో వాడకానికి మాత్రమే' అని ఉంది.

"లెక్క ప్రకారం పంపింది ఎందుకు మిగులుతుంది?" అన్నారు.

ఊరుకుంటే తప్పంతా నర్సు నెత్తిన పడుతుంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, చదువయ్యాక ఇక్కడే నిలదొక్కుకోవాలన్న ఆశా పోతుంది. అయినా చంద్రకళ నోరు విప్పింది.

"నేనే సార్. కొసరు ఏస్తున్న."

"మందులోనా?"

"అలవాటైపోయింది సార్."

యోగానంద్ గారు తల పట్టుకున్నారు. క్లినిక్కుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, డబ్బాలన్నీ వెనక్కి తెప్పించారు.

"ఇకమీదట నా కళ్లముందే తూచు. ఇంకోసారి చెయ్యి జారితే ఇంటికే," అన్నారు.

కొన్నాళ్లకి శాంతమ్మ తన పేరున చీటీ రాయించుకుని మళ్లీ వచ్చింది. చంద్రకళ ఊపిరి బిగబట్టి తూచింది. తూకం సరిపోయింది. చెయ్యి చెంచా వైపు లాగుతుంటే చెంచానే దూరంగా నెట్టేసింది.

డబ్బా అందుకుంటూ శాంతమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "కొసరు లేదూ?"

బయట కాలిబాట మీద మంచు గడ్డకట్టి నున్నగా ఉంది. చంద్రకళ యోగానంద్ గారి వైపు చూసింది. ఆయన వెళ్లమన్నట్టు తలూపారు.

"ఉంది ఆంటీ, పదండి," అంటూ కోటు తగిలించుకుని, ఆవిడ రెక్క పట్టుకుని బస్‌స్టాపుదాకా నడిపించింది. బస్సు వచ్చాక కూడా, ఆవిడ సీట్లో కూర్చునేదాకా చెయ్యి వదల్లేదు. ఆ కొసరుని తూచమని ఎవరూ అనలేదు.