నర్సింలు సార్ కత్తిరించిన దారం

నిన్న గద్వాల ఆసుపత్రిలో నర్సు నా చేతికి కట్టిన బీపీ పట్టీ విప్పుతుంటే వెల్‌క్రో చర్రుమంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు నర్సింలు సార్ గుర్తొస్తారు. ఆయనది గద్వాల దగ్గరి గట్టు అనే ఊరు. సైన్యంలో పారాచూట్లు మడతపెట్టే పని చేసి, రిటైరై వచ్చాక కొండల మీదినుంచి దూకేవాళ్లకు పారాచూట్ సంచులు సిద్ధం చేసేవారు. కుట్టుపని తెలిసిన మనిషి కావాలని ఆయన అంటే, నేతపనివాళ్ల ఇంటి ఆడపిల్లనైన నేను చేరాను. ఆయనకు కోపం త్వరగా వచ్చేది. నాకు అంతకంటే త్వరగా వచ్చేది.

ఆ సంచి మూయడానికి రెండు పద్ధతులు. ఒకటి వెల్‌క్రో, రెండోది దారపు ఉచ్చులో పిన్ను గుచ్చడం. దూకినవాళ్లు చేతిలోని చిన్న పారాచూట్‌ను విసిరితే, అది గాలి పట్టి లాగి సంచిని తెరవాలి. ఎత్తు తక్కువైతే వేగం అందదు, దానికి లాగే బలం చాలదు. ఇదంతా విని తలూపాను గానీ, నా మొదటి సంచికి ఉచ్చు మాత్రం గట్టిగా బిగించి కట్టాను. మగ్గం దగ్గర పోగు వదులైతే నాన్న ఊరుకునేవాడు కాదు. బిగువే పనితనమని నా నమ్మకం. సార్ ఆ సంచిని కొక్కేనికి తగిలించి, లాగే పట్టీకి నీళ్ల సీసా వేలాడదీశారు. ఆ కాస్త బరువుకే పిన్ను ఊడిరావాలి. అది కదల్లేదు. కత్తెర తీసి ఉచ్చును టక్కున కత్తిరించారు.

“గింత మంచిగ కట్టిన, ఎందుకు కోసిండ్రు సార్?” అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

“చీరకైతే గిట్లనే ఉండాలె బిడ్డా. గిది జల్ది ఇడిసిపెట్టాలె. లేకుంటే మనిషి పోతడు.”

మూడు రోజులు ఆయన మీద అలిగాను. పని మాత్రం మానలేదు.

ఆ చలికాలం కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న కొండ మీదినుంచి రఫీ అనే ఆయన దూకాలనుకున్నాడు. ఎత్తు బాగా తక్కువ. ఏ మూత వాడాలో నన్నే తేల్చమన్నారు సార్. వెల్‌క్రో అన్నాను, అంచునుంచి ఒలిస్తే తేలిగ్గా ఊడుతుందని. తీరా కొండెక్కి చూస్తే, రఫీ సంచిని గడ్డిలో పడేసి కూర్చున్నాడు. వెల్‌క్రో నిండా గడ్డి ముళ్లు. మూత సగమే అంటుకుంటోంది. వీపు మీదే ముందుగా తెరుచుకుంటే పారాచూట్ చిక్కుపడుతుంది.

“ఇయ్యాల వద్దు,” అన్నాను.

రఫీకి మండిపోయింది. “గాలి గింత మంచిగుంటే ఏందమ్మా గిది? సార్, మీరన్న చెప్పుండ్రి!”

“వద్దన్నది గద,” అంటూ సార్ కొండ దిగడం మొదలుపెట్టారు.

ఆ పగలంతా కూర్చుని పాత వెల్‌క్రో విప్పి కొత్తది కుట్టాను. సీసా వేలాడదీసి పదేపదే చూసుకున్నాను. మర్నాడు పొద్దున కొండమీద సంచి మూసి, ఎప్పటిలాగే సార్ ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు.

“జర చూడుండ్రి సార్.”

“నువ్వు చూసినవ్ గద.”

మూత అంచు మరోసారి వేలితో నొక్కి, సంచి రఫీ వీపుకు తగిలించాను. రఫీ దూకాడు. చిన్న పారాచూట్ గాలి పట్టింది, సంచి తెరుచుకుంది, పెద్దది విచ్చుకుంది. కింద ఇసుకలో నిలబడి చెయ్యి ఊపాడు. ఆనందం పట్టలేక సార్ వైపు తిరిగాను. ఆయన అంచుకు వీపు తిప్పి కూర్చుని ఫ్లాస్కులో టీ వంపుకుంటున్నారు.

సార్ ఇప్పుడు లేరు. నేను మూసిన సంచులతో ఎందరో దూకుతున్నారు. వద్దన్నప్పుడు అలిగేవాళ్లు అలుగుతారు, అలగనీ. నా పనిని మళ్లీ చూసేవాళ్లు ఎవరూ లేరు. నా పని మీది నమ్మకంతో ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, ఆ నమ్మకంతోనే ఈ రోజుకీ సంచి మూస్తున్నాను.